మన సభలలో ధ్వనిముద్రణము

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి సంఘములు ఉగాదికో, శ్రీరామనవమికో, వార్షికోత్సవమునకో వేదికను అలంకరించి హరికథలు, పద్యనాటకములు, భజనలు, సంగీతసభలు జరుపుచున్నవి. బరంపురమైనను, షోలాపురమైనను, బెంగళూరైనను, చెన్నపట్టణమైనను ఈ పద్ధతి ఒక్కటియే. పందిరికి ఇంత, దీపాలంకరణమునకు ఇంత, శాలువలకు ఇంత, విందునకు ఇంత అని వ్యయపట్టిక సిద్ధమగును. లౌడు స్పీకర్లకు పెద్దమొత్తమే వ్రాయుదురు. ఆ పట్టికలో ధ్వనిముద్రణమునకు ఒక్క పంక్తియైనను కానరాదు. మరునాటికి పందిరి విప్పుదురు, పూలు వాడును, శాలువ పెట్టెలో చేరును. ఆ రాత్రి వేదికపై పలికిన తెలుగు ఎక్కడ మిగిలినది? ఈ ప్రశ్నను మేము సంఘముల కార్యవర్గములను సూటిగనే అడుగుచున్నాము.

ఆంధ్రదేశములోని సభకు ఈ ప్రశ్న ఇంత తీవ్రము కాకపోవచ్చును. అక్కడ బడి యున్నది, పత్రిక యున్నది, ఇరుగుపొరుగుల మాట యున్నది. ప్రవాసములో నున్న మనకు మొదట పోవునది లిపి. పిదప పోవునది పలుకుబడి. తెలుగు మాటలాడగలిగియు తెలుగక్షరము చదువలేని పిల్లలు మన యిండ్లలో లేరా? అట్టివారికి తాతముత్తాతల భాష చెవిద్వారముననే చేరవలయును. వారికి ముద్రించిన పుస్తకముకంటె ముద్రించిన గళమే ఎక్కువ పనికివచ్చును. కాబట్టి మనకు ధ్వనిముద్రణము విలాసము కాదు, గ్రంథాలయము.

"మేము ముద్రించుచునే యున్నాము గదా!" అని కొందరు కార్యదర్శులు బదులు చెప్పుదురు. ఎట్లు ముద్రించుచున్నారో మేమెరుగుదుము. కొన్ని యేండ్ల క్రిందట మా సభలో ఒక వృద్ధ భాగవతారు మూడు గంటలసేపు హరికథ చెప్పెను. మైకులు అద్దెకు తెచ్చినవారు తమ మిక్సరునుండి వెలువడు మిశ్రమధ్వనిని రెండు ట్రాకులలో ముద్రించి మాకిచ్చిరి. ఇంటికి పోయి వినగా దాసుగారి గళము పర్వతమువలె నిలిచియున్నది. మృదంగము పక్కవీధిలో నెవరో తలుపు తట్టినట్లు వినవచ్చుచున్నది. ఫిడేలు కొన్ని చోట్ల లేనేలేదు. సభ యంతయు ఒక్క గొంతుతో పలికిన గోవిందనామము ఒక్కసారియు వినబడలేదు.

దీనికి కారణము ఆ పనివారి అజ్ఞానము కాదు. మిక్సరు నడుపువాని ధర్మము ఆ రాత్రి ఆ మందిరములో కూర్చున్నవారికి సమముగా వినిపించుట. చిన్న మందిరములో మృదంగము తనంతట తానే వినబడును. కనుక దానిని స్పీకరులోనికి అతడు కొద్దిగనే పంపును. గళము బలహీనమైనది; దానిని ఎక్కువగా పంపును. మందిరములో ఈ రెండును కలిసి ఒప్పినవి. మిక్సరులోనుండి వచ్చినది మాత్రము స్పీకరులకు అందిన భాగమే గాని సభలోని సంగీతము కాదు. దానిని పిమ్మట సవరింపబోయితిమి, సాధ్యము కాలేదు. కాచిన పులుసులోనుండి ఉప్పును మరల వేరుచేయగలవారెవరు? ఆ భాగవతారు నేడు లేరు. ఆయన సంపూర్ణ కథాగానమునకు మావద్ద మిగిలిన ఆధారము ఆ లోపపు ముద్రణ మొక్కటియే. చేతులు కాలిన పిదప మేము పట్టుకొనిన ఆకులివి. ఇతర సంఘములకు ఈ గతి పట్టరాదనియే ఈ వ్యాసము.

దీనికి మందు బహుట్రాకు ముద్రణము. ప్రతి మైకును వేరువేరు ట్రాకులో ముద్రించుట, ఏది హెచ్చవలెనో ఏది తగ్గవలెనో తరువాత తీరికగా కూర్చుండి నిర్ణయించుట, ఇదియే దాని సారము. ఇది క్రొత్తది కాదు. ఆంపెక్సు సంస్థ 8 ట్రాకుల టేపుయంత్రమును 1957లోనే నిర్మించినది. 1991లో ప్రకటింపబడిన అలెసిస్ వారి ఆడాట్ యంత్రము వీడియో టేపుపై 8 డిజిటల్ ట్రాకులను వ్రాసి, ఈ విద్యను పెద్ద స్టూడియోల గోడలు దాటించినది. నేడు 16 ట్రాకులు గోటియంత కార్డులో ఇమిడిపోవుచున్నవి. సాధనము ఇంటిముంగిటికి వచ్చిన పిదపను "మాకు తెలియదు" అనుట తగదు.

చేతిఫోను చాలునను వాదమొకటి కలదు. నాలుగవ వరుసలో కూర్చున్నవాని ఫోను మొదట ముద్రించునది పక్కవాని దగ్గును, పైని పంకాను, స్పీకరు గర్జనను. అది జ్ఞాపికగా పనికివచ్చును, ప్రమాణముగా పనికిరాదు. దీనికి పూర్తిగా ఎదురైన వాదము రెండవది: కొన్నచో అన్నిటికంటె పెద్ద యంత్రమే కొనవలెను, 192 కిలోహెర్ట్జులు లేనిదే ముద్రణము కాదు అనునది. మొదటిది లోభము, రెండవది ఆర్భాటము. రెండును ఒకే అశ్రద్ధకు పుట్టిన కవలపిల్లలు. మొదటివారు అవసరమేమో ఆలోచింపరు. రెండవవారు ఆలోచనకు బదులు ధనమును ముందుంచుదురు.

మొదట లెక్కింపవలసినది మైకులను. హరికథకు దాసుగారికొకటి, ఫిడేలుకొకటి, హార్మోనియమున కొకటి, మృదంగము రెండు వైపులకు రెండు, సభాధ్వనికి వేదిక అంచున రెండు: మొత్తము ఏడు. 8 ట్రాకులు చాలును. సభాధ్వనికి ఉంచు ఆ రెండింటిని దుబారా యనుకొనరాదు. మా ముద్రణములో పోయిన గోవిందనామము వానిలోనే యుండెడిది. పద్యనాటకమునకు వేదిక ముందుభాగమున మూడు, ముఖ్యపాత్రలకు దుస్తులలో నిమిడ్చినవి నాలుగు, హార్మోనియమునకు ఒకటి, తబలాకు రెండు, సభకు రెండు: పండ్రెండు.

ఇంతకంటె కఠినమైన సందర్భము తంజావూరు ప్రాంతమందలి మేలట్టూరు భాగవతమేళ. త్యాగరాజస్వామి సమకాలికుడైన మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము మొదలగు తెలుగు నాటకములను, ఇంట తమిళము మాటలాడు పురుషులు, నృసింహజయంతి వేళ వరదరాజస్వామి సన్నిధిని, ఆరుబయట, రాత్రి ప్రొద్దుపోవువరకు నేటికిని ఆడుచున్నారు. తెలుగునాటికి దూరమున తెలుగు బ్రదికియున్న తీరునకు ఇంతకంటె నిదర్శనము వేరొండు లేదు. అక్కడ పాటగాండ్రు, నట్టువాంగము, మృదంగము, ఫిడేలు, సంచరించు పాత్రలు, ప్రేక్షకులు అందరిని లెక్కించినను 16 ట్రాకులు సరిపోవును. ఆరుబయట కావలసినది మరిన్ని ట్రాకులు కాదు. మైకులకు గాలితొడుగులు, మైకులను మోయు గట్టి స్టాండులు, జనరేటరు రొద చేరని చోటు. ఈ లెక్క వేసినచో 8 లేక 16 ట్రాకులకు మించిన యంత్రము మన సంఘములలో అధికభాగమునకు అవసరము లేదని తేలును.

ఇక యంత్రముల జాతులు మూడు. మొదటిది ముద్రణశక్తి తనలోనే గల మిక్సరు. 2018లో వచ్చిన టాస్కామ్ మోడల్ 24 ఇట్టిది. 2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్-32 మిక్సరు తగిన కార్డును చేర్చినచో 32 ట్రాకులను ముద్రించును. స్వంత మందిరము గలిగి, స్వంత మిక్సరు కొనదలచిన సంఘమునకు ఇది తగును. రెండవది విడిగా నుండు రికార్డరు. 2015లో వచ్చిన జూమ్ ఎఫ్-8 ఇందుకుదాహరణము. దానికి 8 మైకులను నేరుగా కలుపవచ్చును, బ్యాటరీపై నడచును, రెండు కార్డులపై వ్రాయును. ఊరూర సభలు జరుపువారికి, అద్దె మిక్సరుపై ఆధారపడువారికి ఇదియే మేలు. మైకునుండి వచ్చు ధ్వనిని స్ప్లిటరుతో రెండుగా చీల్చి, ఒక శాఖను మిక్సరునకు, మరియొక శాఖను రికార్డరునకు పంపినచో ఒకరి పొరపాటు మరియొకరిని అంటదు. మూడవది లాప్‌టాపునకు కలుపు పరికరము. ధర తక్కువ, సౌకర్యమెక్కువ; కాని నడిమి కథలో లాప్‌టాపు తన్నుతాను నవీకరించుకొన మొదలిడినను, ఎవరి కాలో తగిలి తీగ ఊడినను ముద్రణము ముగిసినట్లే. నేర్పరి యొకడు దానికై కదలక కూర్చుండినప్పుడే దానిని నమ్మవచ్చును.

అంకెల వ్యామోహమును గూర్చి రెండు మాటలు. మనుష్యుని చెవి వినగలది సుమారు 20 కిలోహెర్ట్జుల వరకే. సెకనుకు 48,000 సారులు కొలిచినచో 24 కిలోహెర్ట్జుల వరకు ధ్వని నిలుచును. అందుచేత 48 కిలోహెర్ట్జులు చాలును. బిట్టుల విషయము మాత్రము వేరు. 16 బిట్టుల వ్యాప్తి సుమారు 96 డెసిబెల్లులు; 24 బిట్టులకు లెక్క ప్రకారము 144. యంత్రములలో అంత రాకున్నను, 24 బిట్టులలో పైన 12 మొదలు 20 డెసిబెల్లుల వరకు ఖాళీ విడిచినను ముద్రణమున రొద చేరదు. దాసుగారు హఠాత్తుగా చిడతలు మ్రోగించి గొంతెత్తినప్పుడు ఆ ఖాళీయే కాపాడును. 32 బిట్టుల ఫ్లోటింగు విధానము గల యంత్రములు స్థాయి నిర్ణయములోని పొరపాటును ఇంకను మన్నించును. అయినను మైకులోనే పగిలిన ధ్వనిని, మిక్సరు ముందే చెరచి పంపిన ధ్వనిని అవియు బాగుచేయజాలవు.

24 బిట్టులు, 48 కిలోహెర్ట్జుల చొప్పున ఒక ట్రాకునకు గంటకు సుమారు 518 మెగాబైట్లగును; 16 ట్రాకులకు 8.3 గిగాబైట్లు. 64 గిగాబైట్ల కార్డులో 7 గంటలకు పైగా పట్టును. 192 కిలోహెర్ట్జులకు పోయినచో ఇది నాలుగు రెట్లగును. వినబడని దానిని దాచుటకు పెట్టు ఆ వ్యయముతో రెండు మంచి మైకులు రావా?

కొనబోవువారు అంగడిలో అడుగవలసిన ప్రశ్నలు వేరు. ముద్రణము ఫేడరునకు ముందు జరుగునా, తరువాత జరుగునా? తరువాత జరిగినచో మిక్సరువాడు చేసిన ప్రతి హెచ్చుతగ్గును శాశ్వతముగా అచ్చుపడును. అట్టిదానికి బహుట్రాకు అను పేరే వ్యర్థము. నడుమ విద్యుత్తు పోయినచో అంతవరకు ముద్రించినది దక్కునా? ఒకేసారి రెండు చోట్ల వ్రాయగలదా? సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదు. 16 ట్రాకులను ఒకే ఫైలులో కూర్చినచో సుమారు అరగంటకే ఆ హద్దు వచ్చును. అప్పుడు యంత్రము ధ్వని తెగకుండ క్రొత్త ఫైలునకు సాగునా? ఏ కంప్యూటరునందైనను తెరువదగిన ఫైలునే ఇచ్చునా, లేక తన సంస్థవారికే తెలిసిన రూపమున దాచునా? వీనికి సరియైన బదులీయలేని అంగడివానివద్ద యంత్రము ఎంత మెరసినను కొనరాదని మా మాట.

యంత్రము కొనుటతో ధర్మము తీరదు. ముద్రించినది మూడు ప్రతులుగా, రెండు విధముల సాధనములపై, ఒక ప్రతి వేరొక యింట ఉండవలెను. ఏ ట్రాకులో నెవరున్నారు, ఏ కథ, ఏ రాగము, ఏ తేది అను వివరములు తెలుగులో వ్రాసి జతపరుపవలెను. పేరులేని ఫైలు అనాథశవము వంటిది. కళాకారుల అనుమతి పత్రము ముందుగనే తీసికొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకులకు తమ ప్రదర్శనముపై హక్కు నిచ్చినది. 1999 సవరణచే ఆ హక్కు 50 సంవత్సరములకు పెరిగినది. శాలువ కప్పి, అడుగకయే గొంతును దోచుకొనుట సత్కారము కాదు.

వ్యయమెక్కడిది అందురా? ఒక యేడు దీపాలంకరణమును సగము తగ్గింపుడు. ఇరుగుపొరుగు సంఘములు రెండు మూడు కలిసి ఒకే రికార్డరును కొని వంతులవారీగా వాడుకొనుడు. ప్రతి సంఘములోను ఇంజనీరింగు చదువుచున్న కుర్రవారున్నారు. వారిలో ఇద్దరికి హెడ్‌ఫోనులిచ్చి ఆ మూల కూర్చుండబెట్టుడు. తెలుగు సభకు రామని మారాము చేయు పిల్లలు ఈ పనికి పరుగెత్తి వత్తురు. మూడు గంటలు చెవియొగ్గి విన్న పిదప కథయు వారికి పట్టుబడును. ఇది మేము కండ్లార చూచిన ఫలితము.

మన పూర్వులు తాటాకులు మోసికొని ఈ దేశములకు వచ్చిరి. చెదలు పట్టకుండ వానిని పసుపుపూసి కాపాడిరి. మనకు చెదలు లేవు, తడి లేదు, తాటాకుల బరువును లేదు. కావలసినది వ్యయపట్టికలో ఒక్క పంక్తి. రాబోవు వార్షికోత్సవమునకు పట్టిక వ్రాయ కూర్చుండినప్పుడు, పందిరి లెక్కకు ముందుగా ఆ పంక్తిని వ్రాయుడని కార్యవర్గములవారిని కోరుచున్నాము.