కాడి మోయువాడే తేలికగా నడచును



“క్రీస్తు మనలను విడిపించెను గదా, ఇక ఆజ్ఞలేల?” ఈ ప్రశ్న మా రామగిరి ప్రాంతపు సంఘములలో తరచుగా వినబడుచున్నది. అడుగువారు అన్యులు కారు. వారము వారము ఆరాధనకు వచ్చువారే. త్రాగుడు మానుమనినను, అప్పు తీర్చుమనినను, తోడబుట్టినవానితో సమాధానపడుమనినను, “అయ్యగారూ, కృపాకాలము వచ్చినది, ఆజ్ఞల కాలము పోయినది” అని చిరునవ్వుతో జవాబు చెప్పుచున్నారు.

పౌలు అపొస్తలుని మాటను సగము చదివి మిగిలిన సగమును విడిచిపెట్టుట వలన వచ్చిన చిక్కు ఇది. రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో ఆయన మన విడుదలను గూర్చి చెప్పిన వెంటనే, విడుదల పొందినవాడు ఇప్పుడు ఎవనికి దాసుడాయెనో కూడ చెప్పియున్నాడు. యజమానుడు మారెనే గాని, యజమానుడు లేనివాడొక్కడును ఆ అధ్యాయములో కనబడడు. విధేయత లేని విడుదల విడుదలయే కాదని నా వాదము. నిదానముగా వినుడి.

మాది బొగ్గు నేల. రామగిరి ఖిల్లా చుట్టుపట్ల ఒక వైపు పొలములు, మరియొక వైపు గనుల మట్టిదిబ్బలు. మా సంఘస్థులలో అనేకులు బాయి దిగి బ్రదికినవారు, లేదా దిగినవారి బిడ్డలు. కావున వారెరిగిన సంగతితోనే మొదలుపెట్టెదను. భూగర్భ గనిలోనికి పోవువాడు బీడీ గాని అగ్గిపెట్టె గాని వెంట తీసికొనిపోరాదు. బొగ్గు పొరలలో మండు వాయువు దాగియుండును గనుక ఒక్క నిప్పురవ్వ చాలును. తలకు టోపీ, టోపీకి దీపము ఉండవలెను. పై కప్పును కర్రతో తట్టి చూడవలెను. డొల్ల శబ్దము వచ్చినచో వెనుకకు రావలెను. ఆధారము పెట్టని కప్పు క్రింద అడుగు పెట్టరాదు.

ఈ నియమములను చూచి “నా స్వాతంత్ర్యము పోయినది” అని ఏడ్చిన కార్మికుని నేనెన్నడును చూడలేదు. అవి యున్నవి గనుకనే అతడు ఆ చీకటిలో ధైర్యముగా చేతులాడించుచున్నాడు. నియమములను తీసివేసి చూడుడి. అతనికి మిగులునది స్వాతంత్ర్యము కాదు, భయము.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు పొరలివచ్చి 17 మంది మరణించిరి. వారు ఏదో నియమము మీరిరని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట పాపము. విధేయుడు కూడ ఈ లోకమున కష్టపడును, కన్నీరు విడుచును. విధేయులైనచో ఆపదలే రావని వాగ్దానము చేయు బోధకుడు మిమ్మును మోసపుచ్చుచున్నాడు. విధేయత వలన వచ్చు సంతోషము ఆపద లేనందున వచ్చునది కాదు; ఆపదలోను మనము ఎవనివారమో ఎరిగినందున వచ్చునది.

రెండవ ఆక్షేపణ దీనికంటె బరువైనది. ఒక యువకుడు నన్ను ఇట్లు అడిగెను: “అయ్యగారూ, మా తాతలు దొరల ముందు వంగి వంగి నడుములు విరుగగొట్టుకొనిరి. మళ్లీ ఆ విధేయత మాటేనా?” అతని ప్రశ్న న్యాయమైనదే. నిజాము కాలమున ఈ తెలంగాణలో వెట్టి యెట్టిదో మన పెద్దలు అనుభవించిరి. పనికి కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. దానిని విసరికొట్టుటకే 1946లో మొదలైన రైతాంగ పోరాటములో జనులు లేచిరి. అట్టి కాడిని తిరిగి మెడ మీద పెట్టుకొనుమని నేను ఎవరికిని చెప్పను.

అయితే చదువరీ, దొర ఎన్నడైన తన పాలేరు పాదములు కడిగెనా? మన ప్రభువు కడిగెను. దొర తాను వ్రేలితోనైన తాకని బరువును ఇతరుల మీద మోపెను. మన ప్రభువు సిలువ మరణము వరకు తానే మొదట విధేయుడై, ఆ పిమ్మట మనలను పిలిచెను. ఈ రెండు కాళ్లకును, ఈ రెండు కాడ్లకును పోలిక లేదు. దొర కాడి మనిషిని పశువును చేసెను; ప్రభువు కాడి పశువువలె చూడబడినవానిని మనిషిగా నిలువబెట్టును.

ఇందుకు సాక్ష్యము దూరమున లేదు. ఎల్లందు బొగ్గు గనులకు రైలు దారి చీలు డోర్నకల్‌కు 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆ బాధ్యత పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో మరణించు వరకు ఆయన మాల మాదిగ పల్లెలలో బోధించుచు, మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడుమని విశ్వాసులకు నేర్పిరి. ఆలోచించుడి. పేదవానిని దొర వాకిట కట్టివేసిన త్రాడు ఏది? అనేకుల విషయములో అది అప్పు కాదా? ఆ అప్పునకు దారి చూపినది అనేక యిండ్లలో త్రాగుడు కాదా? అప్పు చేయకుము, త్రాగకుము అను ఆజ్ఞ ఆ పేదవానికి సంకెల యగునా, సంకెలను కోయు ఆకురాయి యగునా?

నేటి సంగతి చూడుడి. “నా మీద ఎవని పెత్తనము లేదు” అనువాడు జీతము చేతబడిన దినమున బెల్టు షాపు పిలిచిన చోటికి పోవుచున్నాడు. గిరిగిరి వడ్డీవాడు వచ్చినచో వెనుక దర్వాజ గుండా దాటిపోవుచున్నాడు. మరునాడు పనికి నాగా. ఇంటిలో భార్య మౌనము. వీనికి యజమానులు లేరా? ముగ్గురు నలుగురు ఉన్నారు. వారిలో ఒక్కడును వీనిని ప్రేమించువాడు కాడు.

ఇతరులను విమర్శించి నేను తప్పించుకొనుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపు ప్రహరీ గోడ లెక్కల విషయమై నాకును ఒక పెద్దకును మాట పట్టింపు వచ్చినది. ఆయన గనిలో కప్పుకు దుంగలు నిలువబెట్టు పని చేసి దిగిపోయిన వృద్ధుడు. లెక్క నాదే సరియైనది. కాని సభలో అందరి యెదుట ఆయనను నేను సిగ్గుపరచితిని. రెండు సంవత్సరములు మా మధ్య మాట లేదు. ఆయన చేతికి ప్రభు భోజనపు రొట్టెను అందించుచునే యుంటిని, ఆయన ముఖము మాత్రము చూడకుంటిని. సహోదరునితో సమాధానపడి వచ్చి అర్పణము పెట్టవలెనను ప్రభువాజ్ఞ మీద ఆ కాలములోనే రెండు మారులు ప్రసంగించితిని! మనస్సు కరగినప్పుడు పోవుదునని అనుకొంటిని. మనస్సు కరగలేదు.

తుదకు ఒక శనివారము సాయంకాలము, కరగని మనస్సుతోనే ఆయన వాకిట నిలిచితిని. “తాతా, లెక్క సంగతి అటుండనిమ్ము. నిన్ను నలుగురిలో చిన్నబుచ్చితిని, క్షమించుము” అంటిని. ఆయన కొంతసేపు పలుకక, “లోపలికి రా, చాయ్ తాగుదువు” అనెను. అంతే. తిరిగివచ్చు దారిలో, ఎన్నో దినములుగా నేను పాడలేని కీర్తన నా నోటికి దానంతట అదే వచ్చినది.

అప్పుడు నేను నేర్చుకొన్నది ఇది: సంతోషము వచ్చిన పిమ్మట లోబడుదునని కూర్చున్నవాడు కూర్చుండియే యుండును. లోబడి నడచినవానికి సంతోషము దారిలో ఎదురుపడును.

మరియొక మాట చెప్పక ముగింపరాదు. నేను చెప్పు విధేయత క్రీస్తునకే గాని పాస్టరునకు కాదు. దిగిపోయిన కార్మికుని గ్రాట్యుయిటీ మీద కన్నువేసి, “దైవజనునికి లోబడుడి” అని బెదరించువాడు కొత్త దొరయే. వాని మాట లేఖనముతో పోల్చి చూచుట అవిధేయత కాదు, మీ ధర్మము. నా మాటలను కూడ అట్లే పరీక్షింపుడి.

మన రైతు కోడెను మొదటిసారి కాడికి కట్టునప్పుడు ఏమి చేయును? పని నేర్చిన ముసలి ఎద్దును దాని ప్రక్కన కట్టును. కోడె తలవిసరును, ప్రక్కకు లాగును; ముసలి ఎద్దు తన దారిని తాను నడచును, బరువంతయు తానే మోయును. కొన్నాళ్లకు కోడెకు నడక వచ్చును. ప్రభువు కాడి ఇట్టిది. రెండవ వైపున ఆయనే యున్నాడు.

ఇది చదువుచుండగా మీకు ఒక్క ఆజ్ఞ జ్ఞాపకము వచ్చియుండును: తీర్చని అప్పు, పలుకని తమ్ముడు, విడువని సీసా. అది ఏదో మీకును ప్రభువునకును తెలియును. వచ్చు ఆదివారము వరకు ఆగకుడి. మనస్సు కరగలేదని వెనుకాడకుడి. కరగని మనస్సుతోనే లేచి, మెడ వంచి, మొదటి అడుగు వేయుడి.