భాజీ వండితే ఇజ్జత్ పోతదా?

మొన్న ధర్మపురిలో ఒక దావత్‌కి పోయిన. దస్తర్‌ఖాన్ నిండా బిర్యానీ, ఖోర్మా, కబాబ్‌లు. ఒక్క పచ్చని ఆకు లేదు, బిర్యానీ మీద చల్లిన కొత్తిమీర తప్ప. "కాస్త అంబాడేకి భాజీ కూడా చేయాల్సింది" అన్నందుకు పక్కనున్న పెద్దాయన నవ్విండు. "మెహమానోంకు భాజీ ఖిలాతే క్యా మియా?" అని.

ఆ ఇంటి కోడలికి ఆరో నెల. ఖూన్ ఎనిమిదికి పడిపోయిందని డాక్టర్ రాసిచ్చిన కాయితం వాళ్లత్తే నాకు చూపించింది.

మన ఇండ్లల్లో గోష్ వండుతరు, నిజమే. బోటీలు ఎవరి ప్లేట్లకు పోతయో చూసిన్రా? ముందు మెహమాన్‌లు, తర్వాత మగాళ్లు, పిల్లలు. ఆఖర్న కూసునే అమ్మీకి, బహూకి మిగిలేది షోర్వా. గోష్‌తో వచ్చే షాన్ మనది, కమ్‌జోరీ వాళ్లది. పోనీ భాజీ అన్నా తిననిస్తమా అంటే, అది గరీబోళ్ల తిండి. కొడుకు దుబాయ్ పోయినంక ఇంట్లో తోటకూర వండితే పైసలు రావట్లేదని మొహల్లా అనుకుంటదట!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఐదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టే మన బెహెన్‌లు పొద్దంతా తునికాకు చేతుల పట్టుకునే ఉంటరు. తినే ఆకు మాత్రం వాళ్ల ప్లేట్లో ఉండదు.

గోష్ మానెయ్యమని నేను అంటలేను. నా మాట పట్టుకొని మన దస్తర్‌ఖాన్ మీద ఎవడన్నా పెత్తనం చేయబోతే ముందు నాతోనే మాట్లాడాలె. గోష్‌లోని ఐరన్ ఒంటికి తొందరగా పడుతది, ఆకులోది అంత తొందరగా పట్టదు. కానీ ఆకు పక్కన రెండు బోటీలున్నా, మీద నిమ్మకాయ పిండినా, ఆ ఆకులోని ఐరన్ కూడా బాగా ఒంటికి ఎక్కుతది. అంటే మన దాదీమాలు వండిన అంబాడా గోష్, పాలక్ గోష్, మేథీ ఖీమా ఎంత తెలివైన వంటలో! గోష్ లేని రోజు ఖట్టీ దాల్‌లో పాలకూర, చుక్కకూర వెయ్యండి. ఆకుల్లో ఫోలేట్ కూడా ఉంటది, కడుపుతో ఉన్నోళ్లకు అది చాలా జరూరు. ఉడికించి నీళ్లు పారబోస్తే అది ఆ నీళ్లతోనే పోతది. తిన్న వెంటనే చాయ్ తాగే ఆదత్ మానాలె, ఐరన్‌ను అది అడ్డుకుంటది. డాక్టర్ ఇచ్చిన గోలీలు మాత్రం ఆపొద్దు. ఎనిమిదికి పడ్డ ఖూన్ ఒక్క భాజీతో ఎక్కదు.

ఒకాయన బనీ ఇస్రాయీల్ కిస్సా తెచ్చిండు. మన్న్, సల్వా వద్దని సాగ్ అడిగినందుకు వాళ్లకు చీవాట్లు పడ్డయి కదా అని. భాయ్, చీవాట్లు పడింది నాషుక్రీకి. ఆకుకూర ఏం గునాహ్ చేసింది?

వచ్చే నెల మా ఇంట్లో అకీఖా ఉంది. ఒక దేగ్ అంబాడా గోష్ చేయమని, అది ముందు జనానాలోకే పోవాలని బావర్చీకి చెప్పిన. "సచ్చీ?" అని ఆయన రెండుసార్లు అడిగిండు.