ఠాణా లెక్క ఊరికి తెలియాలి

2016 దసరా నాడు లక్సెట్టిపేట జిల్లా మారింది. ఆదిలాబాద్ పోయి మంచిర్యాల వచ్చింది. కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలంటే నూరు కిలోమీటర్లు దాటి పోవలసిన తిప్పలు తప్పాయి. కాని పోలీసు పటాన్ని వేరేగా గీశారు. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలను కలిపి రామగుండం కమిషనరేట్ చేశారు. దాంతో జిల్లా కలెక్టరు గోదావరికి ఇవతల ఉంటే, పోలీసు పెద్ద గోదావరికి అవతల మరో జిల్లాలో ఉన్నారు. లక్సెట్టిపేట సర్కిల్ కిందికి లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం ఠాణాలు వస్తాయి. జన్నారం దాటితే కవ్వాల్ పులుల అడవి. ఆ అడవి అంచు పల్లెలు కూడా ఇప్పుడు ‘నగర’ పోలీసు చట్టం నీడలోనే ఉన్నాయి. హైదరాబాద్ పట్నం కోసం నిజాం కాలంలో, 1348 ఫసలీలో, అంటే 1938-39 ప్రాంతంలో చేసిన చట్టం అది.

పాలనా సౌలభ్యం కోసం చేసిన మార్పును తప్పుపట్టనక్కర్లేదు. కమిషనరేట్ వచ్చాక అధికారుల హోదాలు, వాహనాలు, నిషేధాజ్ఞలు జారీచేసే అధికారం అన్నీ పెరిగాయి. ఆ అధికారానికి జవాబు ఎవరు అడగాలన్నది మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఠాణాకు డబ్బు పైనుంచి వస్తుంది, లెక్క కూడా పైకే పోతుంది. ఊరికి మిగిలేది చేతిలో దరఖాస్తు పట్టుకుని బయటి బెంచీ మీద కూర్చోవడమే.

ఇచ్చిందెంత, అందిందెంత

తెలంగాణ పోలీసుకు ప్రభుత్వాలు ఏమీ ఇవ్వలేదనడం అన్యాయం. రాష్ట్రం ఏర్పడిన కొత్తలోనే ఠాణాలకు కొత్త వాహనాలు వచ్చాయి. నెలవారీ నిర్వహణ ఖర్చులకు హైదరాబాద్‌లోని ఠాణాకు 75 వేలు, జిల్లా కేంద్రాల్లో 50 వేలు, పల్లె ఠాణాకు 25 వేల రూపాయలు ఇస్తామని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. చూడటానికి చిన్న మొత్తాలే. వాటి విలువ తెలియాలంటే అంతకు ముందు ఠాణా ఎట్లా నడిచేదో గుర్తు చేసుకోవాలి. కాగితాల కట్టకు, జీపు డీజిలుకు, అనాథ శవాన్ని మోయించడానికి ఎస్సై ఎవరి ముందు చేయి చాపేవాడో పల్లెల్లో అందరికీ తెలుసు. ఠాణా జీపులో డీజిలు పోయించిన మనిషి మీదికి ఆ జీపు వెళ్లడం కష్టం. అందుకే పోలీసుకు సర్కారు డబ్బు సరిపడా ఇవ్వడం దుబారా కాదు. అది ఠాణాను ఊరి పెద్దమనుషుల అప్పు నుంచి విడిపించడం.

2025 ఇండియా జస్టిస్ రిపోర్టు పోలీసు విభాగంలో పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణకు మొదటి స్థానం ఇచ్చింది. సంతోషించవలసిందే. అయితే ఆ నివేదిక కొలిచేది బడ్జెటు, సిబ్బంది, మౌలిక వసతులు, పనిభారం, సిబ్బందిలో వైవిధ్యం. రాష్ట్రం మొత్తానికి తీసిన సగటులో ఒక్కో ఠాణా ముఖం కనిపించదు.

ఠాణా పట్టీలో ఉన్న పేర్లు వేరు, పొద్దున రోల్‌కాల్‌లో నిలబడే మనుషులు వేరు. ఒకరు సెంట్రీ, ఒకరు రైటర్, ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు సమన్లు. మిగిలినవారిలో కొందరు వినాయక నిమజ్జనానికి హైదరాబాద్‌కు, రెండేళ్లకోసారి మేడారానికి, ఎన్నికలొస్తే ఇంకోచోటికి బందోబస్తుకు పోతారు. కార్తీకంలో గూడెం గుట్టకు భక్తులు పోటెత్తితే ఈ సర్కిల్ సిబ్బందే నిలబడాలి. 2027లో గోదావరి పుష్కరాలు రానే వస్తున్నాయి. వీటన్నిటి మధ్య 63వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే పరుగెత్తవలసింది ఆ రోజు ఠాణాలో మిగిలిన ఇద్దరు ముగ్గురే.

2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. సోదాలను వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలి. మంచి నిబంధనలే. కాని నిబంధన ఢిల్లీలో పుడుతుంది, దాని బరువు దండేపల్లి కానిస్టేబుల్ మీద పడుతుంది. మనుషులు, శిక్షణ, పరికరాలు అందకపోతే రూలు కాగితం మీద నిండుగా, కేసు కోర్టులో డొల్లగా మిగులుతుంది.

మనిషి అలసట కూడా వనరుల లెక్కలోకే వస్తుంది. లక్సెట్టిపేటకు దగ్గరలోని గుడిపేటలో స్పెషల్ పోలీసు 13వ బెటాలియన్ ఉంది. 2024 అక్టోబరులో రాష్ట్రమంతటా బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. రాష్ట్రంలో పోలీసంతా ఒకటే కావాలని, మా మనిషిని ఇంటికి పంపండని అడిగారు. ఆ ఆందోళన తర్వాత 39 మందిని సస్పెండ్ చేశారు, 10 మందిని ఉద్యోగం నుంచి తీసేశారు. యూనిఫాంలో క్రమశిక్షణ అవసరమే, ఎవరూ కాదనరు. కాని తన సెలవు గోడు వినే వేదిక లేని కానిస్టేబుల్, ఠాణా మెట్లెక్కిన రైతు గోడును ఓపికగా వింటాడని ఆశించడం ఎట్లా?

భయం నుంచి పుట్టిన దూరం

ఈ ప్రాంతంలో పోలీసుకు, ప్రజకు మధ్య దూరం నిన్నమొన్నటిది కాదు. నిజాం కాలంలో ఠాణాకు అమీను, ఊరికి పోలీసు పటేలు. ఇద్దరూ దొర గడీ వైపు చూసి పని చేసినవారే. 1976లో తపాలాపూర్‌లో భూస్వామి హత్యతో ఈ తాలూకా పేరు నక్సలైటు ఉద్యమ చరిత్రకెక్కింది. 1978లో గోదావరి అవతలి జగిత్యాలను, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. అంతకు ఎన్నో రెట్లని ఆదివాసీలు ఇప్పటికీ అంటారు. 1989లో గ్రేహౌండ్స్ వచ్చింది. ఆ రెండు మూడు దశాబ్దాల్లో పోలీసుకు వనరులంటే తుపాకులు, ఎత్తైన గోడలు, ఇసుక మూటలు. పోలీసులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు, పల్లెల యువకులూ పోగొట్టుకున్నారు. ఆ కాలం వెళ్లిపోయింది. ఇసుక మూటలు తీసేశారు, రిసెప్షన్ గదికి రంగులేశారు. అయినా ఠాణాను ప్రశ్నించకూడదన్న భయం మాత్రం ఊళ్లలో మిగిలే ఉంది.

దండేపల్లి మండలం కోయపోచగూడెంలో 2022లో జరిగింది గుర్తుండే ఉంటుంది. పోడు భూముల వివాదంలో ఆదివాసీ మహిళలు జైలుకు వెళ్లారు. జూలైలో గుడిసెలు తీయించడానికి వచ్చిన అటవీ, పోలీసు సిబ్బందితో మహిళల పెనుగులాట దృశ్యాలను రాష్ట్రమంతా చూసింది. అటవీ చట్టం ఒకవైపు, అటవీ హక్కుల చట్టం మరోవైపు. ఆ రోజు పోలీసు బలగం ఎవరి కోరిక మీద, ఏ షరతులతో వెళ్లిందని అడగడానికి దండేపల్లిలో గాని, మంచిర్యాలలో గాని ఏ ప్రజాప్రతినిధికి వేదిక ఉంది?

ఇదే కమిషనరేట్‌లో 2020 మేలో మంథని ఠాణాలో ఒక వ్యక్తి కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అని పోలీసులు చెప్పారు. విషయం హైకోర్టు దాకా వెళ్లాక హైదరాబాద్ పోలీసు కమిషనర్‌తో విచారణ చేయించారు. ఆ మరణాన్ని కోర్టు దృష్టికి తెచ్చిన న్యాయవాది, ఆమె న్యాయవాది భర్త 2021 ఫిబ్రవరి 17న కల్వచర్ల దగ్గర పట్టపగలు నడిరోడ్డు మీద హత్యకు గురయ్యారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హత్య కేసును సీబీఐకి అప్పగించింది. ఈ రెండు ఘటనలకు ముడి ఉందని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. గోదావరి ఒడ్డున పుట్టిన అనుమానం తీరాలంటే ఒకసారి హైదరాబాద్‌కు, ఇంకోసారి ఢిల్లీకి పోవలసి వచ్చిందన్నదే గమనించవలసింది. మధ్యలో తట్టడానికి ఇంకో తలుపు ఉండాలి. అది ఉందా?

ఉండవలసిన తలుపు

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. పోలీసు మీద ప్రభుత్వ ఒత్తిడి పడకుండా రాష్ట్ర భద్రతా కమిషన్ ఉండాలి. ఠాణా అధికారికి కనీసం రెండేళ్లు కదలని కుర్చీ ఉండాలి. దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయాలి. ఎస్పీ, ఆపై అధికారుల మీద ఫిర్యాదులకు రాష్ట్ర స్థాయిలో, డీఎస్పీ వరకు ఉన్నవారి మీద ఫిర్యాదులకు జిల్లా స్థాయిలో ప్రత్యేక అథారిటీ ఉండాలి. తెలంగాణలో ఈ అథారిటీల కోసం ఉత్తర్వులు రావడానికి 2021 దాకా పట్టింది, అది కూడా హైకోర్టులో కేసు నడిచాక. వచ్చిన ఏర్పాటులోనూ జిల్లా స్థాయి అన్న మాట హైదరాబాద్, వరంగల్ అనే రెండు ప్రాంతాలుగా కుదించుకుపోయింది. జన్నారం కూలీ తనను కొట్టిన పోలీసు మీద ఫిర్యాదు ఇవ్వడానికి ఒకరోజు కూలీ, బస్సు చార్జీ వదులుకుని వరంగల్ పోతాడా? పోడు. అందుకే ఫిర్యాదులు పెద్దగా లేవని లెక్క చూపించడం చాలా సులువు.

ఇంకో వింత చూడండి. ‘నేను సైతం’ అంటూ వ్యాపారులు, గ్రామస్థులు చందాలు వేసుకుని వీధుల్లో సీసీ కెమెరాలు పెట్టించారు. దొంగలు దొరుకుతున్నారు, మంచిదే. అయితే ఠాణా లోపల కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డింగును 18 నెలలు దాచాలంది. ప్రతి జిల్లాకూ ఒక పర్యవేక్షక కమిటీ వేయాలని, అందులో కలెక్టరు, ఎస్పీలతో పాటు మునిసిపాలిటీ లేదా జిల్లా పరిషత్ అధిపతి కూడా ఉండాలని చెప్పింది. మానవ హక్కుల ఉల్లంఘన ఏదైనా బయటికి రాకుండా ఉండిపోయిందేమో ఫుటేజీ చూసి తేల్చడం ఆ కమిటీ పని. అంటే ఠాణా మీద నిఘాలో స్థానిక ప్రజాప్రతినిధికి కుర్చీ ఇప్పటికే వేసి ఉంది. ఆ కుర్చీలో కూర్చుని ఫుటేజీ అడిగిన జిల్లా పరిషత్ అధ్యక్షుడి పేరు మనలో ఎందరం విన్నాం? ఊరి చందాతో పెట్టిన కెమెరా ఊరిని చూస్తుంది, ఠాణాలోని కెమెరాను మాత్రం ఊరు చూడలేదు.

ఐర్లండ్ చెప్పే పాఠం

మన పోలీసు వ్యవస్థకు, దూరాన ఉన్న ఐర్లండ్‌కు పాత చుట్టరికం ఉంది. ఐరిష్ కాన్‌స్టాబులరీ నమూనాలో 1843లో సింధ్‌లో బ్రిటిష్ సేనాని నేపియర్ పోలీసును కట్టాడు. 1861 భారత పోలీసు చట్టం వెనుక ఉన్న ఆలోచనకు మూలం అక్కడే. జనానికి జవాబుదారీ కాని, సర్కారుకే విధేయమైన సాయుధ బలగం ఆ నమూనా. ఐర్లండ్ 1922లో స్వతంత్రం కాగానే దాన్ని రద్దు చేసి, ఆయుధాలు లేని గార్డాను ఏర్పాటు చేసుకుంది. మనం ఆ పాత అచ్చునే సర్దుకుంటూ వస్తున్నాం.

ఐర్లండ్‌లో అంతా సవ్యంగా ఉందని కాదు. ఆర్థిక సంక్షోభంలో కొన్నేళ్లు పోలీసు నియామకాలు ఆపేశారు. 2012, 2013లో 139 ఠాణాలు మూసేశారు. పల్లెలు గగ్గోలు పెట్టాయి. పోలీసు శాఖలో తప్పులు బయటపెట్టిన సిబ్బందినే వేధించారన్న వివాదాలూ నడిచాయి. ఆ గొడవల నుంచే 2016లో స్వతంత్ర పోలీసింగ్ అథారిటీ పుట్టింది. 2025 ఏప్రిల్‌లో కొత్త చట్టం కింద ఫిర్యాదుల విచారణకు ‘ఫిస్రూ’ అనే అంబుడ్స్‌మన్ కార్యాలయం వచ్చింది. పక్కనే ఉత్తర ఐర్లండ్‌లో పోలీసింగ్ బోర్డులో 19 మంది ఉంటారు, 10 మంది ప్రజాప్రతినిధులు, 9 మంది స్వతంత్రులు. దశాబ్దాల పాటు బాంబులు, తూటాల మధ్య నలిగిన నేల అది. పోలీసు మీద నమ్మకం తిరిగి రావాలంటే లెక్క బల్ల మీద పెట్టక తప్పదని అనుభవంతో తెలుసుకున్నారు. తపాలాపూర్‌నూ ఇంద్రవెల్లినీ చూసిన మనకు ఆ పాఠం కొత్తగా చెప్పనక్కర్లేదు.

పైరవీకి మందు వెలుతురే

స్థానిక నాయకులకు ఠాణా మీద మాట ఇస్తే పైరవీలు ఇంకా పెరుగుతాయని పోలీసు అధికారులు అంటారు. అది తీసిపారేయగల మాట కాదు. అయితే పైరవీ ఇప్పుడు లేదా? ఎస్సై పోస్టింగుకు సిఫారసు లేఖ కావాలన్నది ఏ పార్టీ అధికారంలో ఉన్నా వినిపించే మాటే. పైరవీ చాటున నడుస్తుంది, పర్యవేక్షణ నలుగురి మధ్య జరుగుతుంది. ఫలానా కేసులో ఫలానావాడిని వదిలేయమని అడిగే హక్కు ఎవరికీ ఉండకూడదు. మా ఠాణాలో ఎందరుండాలి, ఎందరున్నారని అడిగే హక్కు మాత్రం అందరికీ ఉండాలి. ఈ రెంటికీ మధ్య గీత గీయడం కష్టమేమీ కాదు.

మండల పరిషత్ సర్వసభ్య సమావేశంలో వ్యవసాయం, విద్య, వైద్యం, మిషన్ భగీరథ అధికారులు నిలబడి జవాబు చెబుతారు. ఠాణా కూడా మూడు నెలలకోసారి అదే పని చేయాలి. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎందరు వేరే డ్యూటీలో ఉన్నారు, నిర్వహణ డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, వచ్చిన దరఖాస్తులెన్ని, వాటిలో ఎఫ్ఐఆర్ అయినవెన్ని. ఈ ఏడు అంకెలు నోటీసు బోర్డు మీద పెడితే ఏ దర్యాప్తూ చెడిపోదు. పైగా సిబ్బంది కొరత తేలితే ఊరంతా ఎస్సై పక్షాన నిలబడి అడుగుతుంది. ఇప్పుడు ఆ కొరత భారాన్ని ఆయన ఒంటరిగా మోస్తున్నాడు.

ప్రభుత్వం చేయవలసినవి మూడు. మంచిర్యాలలోనే జిల్లా ఫిర్యాదుల అథారిటీ కూర్చోవాలి. రెండేళ్లు నిండకుండా ఎస్సైని, సీఐని మార్చితే కారణం రాతపూర్వకంగా ప్రకటించాలి. సీసీ కెమెరాల కమిటీ సమావేశమైన తేదీలు, చూసిన ఫుటేజీ వివరాలు జిల్లా వెబ్‌సైట్‌లో ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. సుప్రీంకోర్టు చెప్పినవాటిని చెప్పినట్టు చేస్తే చాలు.

మనం చేయవలసింది ఒకటుంది. మన వార్డు సభ్యుడు, సర్పంచి, కౌన్సిలరు ఈసారి ఎదురైతే రోడ్డు, డ్రైనేజీతో పాటు ఇంకో మాట అడగాలి: మన ఠాణాలో ఎందరుండాలి, ఎందరున్నారు?