రెండు గంటల దూరం.. రోజు ప్రయాణం

యాంగోన్ నుంచి విశాఖకు విమాన దూరం సుమారు 1,370 కిలోమీటర్లు. విశాఖ నుంచి ఢిల్లీకీ దాదాపు అంతే. నేరుగా ఎగిరితే రెండుంబావు గంటలు. కానీ నేరుగా విమానం లేదు. పజుండౌంగ్‌లో భవనాల పనిలో ఉన్న మేం బ్యాంకాక్‌లోనో, కోల్‌కతాలోనో మారాలి, అక్కడ పడిగాపులు కాయాలి. ఆమధ్య మా సైటులో ఓ మేస్త్రికి తండ్రి పోయారని పొద్దున్నే ఫోనొచ్చింది. మర్నాడు ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

ఒకప్పుడు కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి మనోళ్లు నాటి రంగూన్‌లో దిగేవారు. ఈ పజుండౌంగ్ ఏటి ఒడ్డునే బియ్యం మిల్లుల్లో పనిచేశారు. జనం వేలల్లో ఉన్నారు కాబట్టి ఓడలు నడిచాయి. ఇప్పుడు మేం కొద్దిమందిమి, సీట్లు నిండవు. అందుకే మేం అడిగేదీ చిన్నదే: ఒకే టికెట్టు మీద, మధ్యలో మూడు గంటలకు మించి ఆగకుండా ఊరు చేర్చే సర్వీసు. వారానికి రెండుసార్లున్నా చాలు.