కాంటా కాడ నిలబడ్డట్టే ఓటు కాడా నిలబడాలె



సెంటర్‌లో వడ్లు పోసిన రైతు కాంటా దగ్గర నుంచి కదలడు. తరుగు పేరుతో సంచికి ఎన్ని కిలోలు కోస్తున్నారో కళ్లారా చూస్తాడు, చిట్టీ చేతికొచ్చేదాకా పోడు. అదే రైతు ఓటేసి ఇంటికి పోతాడు. ఆ తర్వాత చాయ్ హోటల్ కాడ "మిషన్ల ఏదో చేసిండ్రట" అనే ముచ్చట మొదలైతది. సంచి మీదున్న కన్ను ఓటు మీద ఎందుకు లేదు?

మన హుజూరాబాద్ ఉప ఎన్నిక గుర్తుందిగదా. 2021 అక్టోబర్ 30న పోలింగ్ అయింది. ఆ రాత్రి కరీంనగర్‌లో ఒక వీవీప్యాట్‌ను కారులోకి మారుస్తున్న వీడియో బయటికొచ్చింది. బీజేపీ, కాంగ్రెస్ కార్యకర్తలు ఆందోళనకు దిగారు. అది పనిచేయక పక్కన పెట్టిన యంత్రమని అధికారులు చెప్పారు. నవంబర్ 2న లెక్కిస్తే ఈటల రాజేందర్ 23,855 ఓట్లతో గెలిచారు. అంతే, ఆ కారు ముచ్చట అక్కడికే ఆగిపోయింది. మన దగ్గర అనుమానం ఎప్పుడూ ఓడినోళ్ల సొత్తే. ఇయ్యాల ఒక పార్టీ అడిగిన ప్రశ్ననే రేపు ఇంకో పార్టీ అడుగుతది, గెలిచినోళ్లు నవ్వుతరు.

ధర్మపురిది ఇంతకన్నా పెద్ద కథ. 2018లో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిస్తే, ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ హైకోర్టుకు పోయారు. కోర్టు ఆదేశం మీద 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూం తెరవబోతే తాళంచెవి దొరకలేదు. తాళం పగలగొట్టాల్సి వచ్చింది. అది మోసమని మేం అనడం లేదు. కానీ ఓట్లు దాచిన గది తాళంచెవి లేదంటే ఊరోడు ఏమనుకోవాలె?

మిషన్లు తీసేసి బ్యాలెట్ పెడితే అన్నీ సాఫ్ అయితయని మనలో చాలామంది అంటరు. 2019లో నిజామాబాద్ పార్లమెంటుకు 185 మంది పోటీ చేశారు, అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. వాళ్లు బ్యాలెట్ పేపర్ అడిగారు. కమిషన్ ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి మిషన్ మీదనే నడిపింది. బ్యాలెట్ అడగడం తప్పు కాదు. అయితే సర్పంచ్ ఓట్ల మీద నమ్మకం కాగితం వల్ల మాత్రమే రాలేదు. ఆ ఓట్లు అదే రోజు, అదే ఊళ్లో, అందరి ఏజెంట్ల ముందు లెక్కిస్తరు. నమ్మకం అక్కడున్నది.

మిషన్ల ఓటుకూ చూసే వీలుంది. పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్ జరుగుతది. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపి, చెరిపేసి, స్లిప్పులు బయటికి తీసి సీలు వేయాలి. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డయో రాసిన ఫారం 17-సి కాపీ ఏజెంట్లకు ఇవ్వాలి. లెక్కింపు రోజు మిషన్ చూపే మొత్తం దానితో కలవాలి. తర్వాత నియోజకవర్గంలో ఐదు వీవీప్యాట్లను లాటరీ తీసి స్లిప్పులు లెక్కబెడతరు. అన్ని స్లిప్పులూ లెక్కించాలన్న విన్నపాన్ని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి ఉన్న ఈ వీలును వదులుకోవద్దు. నిజం చెప్పాలంటే మన ఏజెంట్లలో చాలామంది మాక్ పోల్ అయిపోయినంక వస్తరు, సీలు నంబరు చదవకుండనే సంతకం పెడతరు. 17-సి కాపీ అంగి జేబులో ఉతుకుకు పోతది.

అందుకే సంఘం గ్రామ కమిటీలకు మా మాట ఇది. ఓట్ల నోటిఫికేషన్ రాకముందే ఊళ్లో అన్ని పార్టీలోళ్లను ఒక్క చెట్టు కింద కూర్చోబెట్టండి. ఎవరు గొప్పన్న చర్చ వద్దు. ఇదివరకు ఏజెంట్లుగా కూర్చున్నోళ్లు ఏం చూసిండ్రో, ఏం చూడనియ్యలేదో చెప్పాలి. బీఎల్‌ఓను పిలిచి ఓటరు జాబితా చదివించండి. పేరు పోయినోళ్లుంటే అక్కడే ఫారం 6 నింపించండి. కారులో మిషన్ కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి, స్ట్రాంగ్ రూం కాడ కాపలాకు ఏ రాత్రి ఎవరు పోవాలి అన్నది అన్ని పార్టీలూ కలిసి రాసుకోవాలి. అవతలి పార్టీ మనిషి కూడా సంతకం పెట్టిన కాగితం మీద రేపు పుకారు నిలబడదు.

వచ్చేటోళ్లు పాత 17-సి కాపీ ఇంట్లో ఉంటే పట్టుకొని రండి. కండువా ఇంట్లో పెట్టి రండి.