నాలుగు వారముల గురుత్వము

విదేశమునకు పోయి, అచ్చటి పేదపిల్లల బడిలో కొన్ని వారములు వేతనము లేక పాఠములు చెప్పి వచ్చుట నిర్వివాదమైన పుణ్యకార్యమని నేటి విద్యావంతులలో ఒక విశ్వాసము స్థిరపడిపోయినది. చెప్పువానికి శిక్షణ కలదా, వినువారి భాష వానికి తెలియునా, వాడు పోయిన పిమ్మట ఆ తరగతి ఏమగును అని ప్రశ్నించువాడు కృతఘ్నుడుగనో సంకుచితుడుగనో లెక్కింపబడుచున్నాడు. ఇచ్చువాని ఉద్దేశము మంచిదైనచో ఇచ్చినదియు మంచిదే అయి తీరవలెనను ఈ తర్కము వైద్యములో చెల్లదు, వంతెనల నిర్మాణములో చెల్లదు. చదువులో, అందునను పేదల చదువులో, మాత్రము నిరాఘాటముగ చెల్లుచున్నది. ఆ విశ్వాసమును ఖండించుటకు దూరదేశముల నుండి ఉదాహరణములు తేనక్కరలేదు. హైదరాబాదు పాతనగరము చాలును.

చార్మినారునకు దక్షిణముగ శాలిబండ, ఫలక్‌నుమాల వైపునకు గాని, తూర్పున యాకుత్‌పురా, తలాబ్‌కట్టా, ఈదీబజారు గల్లీలలోనికి గాని నడచిపోవువానికి, మిద్దెయిండ్లలోను దుకాణముల మీది అంతస్తులలోను ఇంగ్లీషు మీడియమని బోర్డు కట్టుకొన్న చిన్న ప్రయివేటు బడులు అడుగడుగున కనబడును. 2000వ సంవత్సరము జనవరిలో జేమ్స్ టూలీ అను ఆంగ్లేయ ఆచార్యుడు అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ పనిమీద హైదరాబాదునకు వచ్చి, ఒక సెలవునాడు చార్మినారు వెనుక వీథులలో తిరిగి, ఈ బడులను చూచి విస్మితుడైనాడు. యౌవనమున జింబాబ్వేలో గణితోపాధ్యాయుడుగ పనిచేసినవాడు గనుక, పరదేశపు బడి ఆయనకు క్రొత్త కాదు. 2009లో వెలువడిన ఆయన గ్రంథము ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ ఈ గల్లీలను లోకమున చర్చకు తెచ్చినది. దానినుండి ఆయన తీసిన సిద్ధాంతములను నేను అంగీకరింపను. బడి నడుపు బాధ్యతను ప్రభుత్వము జార్చుకొనుటకు అవి చక్కని సాకు కాగలవు. కాని ఆయన కంటబడినది అబద్ధము కాదు. ఆటో నడుపువాడు, లక్కగాజులకు రాళ్లు పొదుగువాడు, దినకూలి చేయువాడు తమ కష్టార్జితములోనుండి నెలనెల ఫీజు కట్టి, తమ బిడ్డలకు తామే ఉపాధ్యాయులను కుదుర్చుకొనియున్నారు. అనగా, గురువు లేక దిక్కులు చూచుచున్న పిల్లలని సేవకుల ప్రకటనలు వర్ణించు ఆ శూన్యము ఇచ్చట లేనే లేదు. కుర్చీలో ఒకరు ముందే కూర్చుండియున్నారు.

ఆ ఒకరు సాధారణముగ ఆ గల్లీకే చెందిన యువతి. ఇంటరో డిగ్రీయో పూర్తిచేసి, వివాహమునకు పూర్వమో, వివాహానంతరము ఇంటి ఖర్చునకు తోడుగనో పనికి వచ్చినది, జీతము స్వల్పము. అయినను ఏ పిల్లవాని తండ్రి జిద్దాలో ఉన్నాడో, ఏ బాలిక తమ్ముని ఆడించి ఆలస్యముగ వచ్చునో, రంజాను మాసమున సహరీకి లేచిన పిల్లల కన్నులు ఏ గంటకు మూతపడునో ఆమెకు తెలియును. సాయంకాలము సరకులకు బయలుదేరినప్పుడు తల్లులు దారిలో నిలిపి, ‘మేరా బచ్చా కైసా పఢ్‌రా, టీచర్?’ అని అడుగుదురు. ఆమె జవాబు చెప్పక తప్పదు. ఆ తప్పనిసరితనములోనే ఉపాధ్యాయత్వము సగము కలదని నా నమ్మకము.

ఇట్టి తరగతిలోనికి పందొమ్మిదేండ్ల విదేశీయుడొకడు వచ్చినాడనుకొందము. ఆమె కుర్చీ విడిచి వెనుక బల్లకు పోవును. అతనికి తెలియదు గనుక పాఠ్యపుస్తకము మూతపడును; పాటలు, ఆటలు, శరీరావయవముల ఇంగ్లీషు పేర్లు మొదలగును. అతనికి ముందు వచ్చినవాడు అవే నేర్పియుండును, తరువాత వచ్చువాడు అవే నేర్పును. యాజమాన్యము అతని ఫొటోను అడ్మిషన్ల కరపత్రముపై అచ్చువేయించును. పిల్లలు మాత్రము ఒక పాఠమును గట్టిగ వంటబట్టించుకొందురు: ఏటేట తమకు చదువు చెప్పు టీచర్ కంటె, దారిన వచ్చిన తెల్లవాడు అధికుడని. అతడు విమానమెక్కిన మరునాడు అదే తరగతిలో నిలువవలసినది ఆమె.

ఇంగ్లీషు మాతృభాషగా గలవాని నోట ఇంగ్లీషు వినుట లాభము కాదా అందురు. వినుట లాభమే, అందుకు జేబులోని ఫోను చాలును. నేర్పుట వేరొక విద్య. పాతనగరపు బాలుడు ప్రొద్దుట మదర్సాలో కుడినుండి ఎడమకు ఖురాను చదివి, బడికి వచ్చి ఎడమనుండి కుడికి ఇంగ్లీషు వ్రాసి, 2018 నాటి చట్టము ననుసరించి తెలుగు నేర్చుచు, ఇంట దక్కనీ మాటలాడును. వాడు ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అనుట మందబుద్ధి వలన కాదు. ఉర్దూ నోటికి పదాదిని సకారముతో మొదలగు సంయుక్తాక్షరము పలుకుట కష్టము గనుక ముందొక అచ్చును తోడు పిలుచుకొనును. అదే బల్లమీద కూర్చున్న లాల్‌దర్వాజా తెలుగు పిల్లవాడు ‘ఎమ్’ను ‘యెమ్’ అనును. వీని తప్పునకు హేతువు వేరు, దిద్దు పద్ధతి వేరు. ఈ భేదము గల్లీ టీచర్‌కు శాస్త్రముగ తెలియకపోవచ్చును గాని చెవికి తెలియును. తానెన్నడును ఇంగ్లీషును నేర్చుకొనక, కేవలము మాటలాడుచు పెరిగినవానికి అది తప్పుగ వినబడుటయే గాని ఎందుకట్లు వినబడుచున్నదో బోధపడదు.

ఇచ్చట మన చట్టము, మన ఆచరణము ఒకదానినొకటి వెక్కిరించుకొనుచున్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునకు కనీసార్హతలు విధించినది. 2017లో దానిని సవరించి, శిక్షణ లేనివారందరు 2019 మార్చి 31 లోపల అర్హత సంపాదింపవలెనని గడువు పెట్టినారు. దేశమంతట లక్షలాది ఉపాధ్యాయులు, అందు ప్రయివేటు బడుల టీచర్లు అసంఖ్యాకులు, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా డిప్లొమా పరీక్షలకు కూర్చుండవలసివచ్చినది. ఇంటి చాకిరి, బడి చాకిరి ముగించుకొని రాత్రులు చదివిన ఆ స్త్రీలకు శిక్షణ అత్యవసరమని శాసించిన మనము, ఏ పరీక్షయు వ్రాయని పరదేశీయుని పూలదండతో ఎదుర్కొనుచున్నాము.

నేను పరదేశి గురువులకు విరోధిని కాను. ఈ నగరమునకు వారివలన కలిగిన మేలు అపారము. వంగదేశీయుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుడు ఎడింబరోలో డాక్టరు పట్టము పొంది ఇచ్చటికి వచ్చి, తరువాత నిజాం కళాశాలగ పరిణమించిన విద్యాలయమునకు మూలపురుషుడైనాడు. 1883లో చాందా రైలుమార్గపు వివాదమున ప్రభుత్వమును ఎదిరించి రాజ్యబహిష్కృతుడైనాడు. అయినను మరల వచ్చినాడు. ఆంగ్లేయుడైన మార్మడ్యూక్ పిక్తాల్ 1925లో చాదర్‌ఘాట్ హైస్కూలునకు ప్రధానోపాధ్యాయుడై, 1927 నుండి ‘ఇస్లామిక్ కల్చర్’ పత్రికను నడిపి, నిజాము ఇచ్చిన సెలవులో తన ఖురాను అనువాదమును పూర్తిచేసి, 1935 వరకు ఇచ్చటనే కొలువు చేసినాడు. వీరిరువురును జీతము పుచ్చుకొన్నారు. జీతము పుచ్చుకొన్నవాని పనిని తప్పుపట్టవచ్చును, సంజాయిషీ అడుగవచ్చును, తొలగింపవచ్చును. ఉచితముగ వచ్చినవానిని ఏమి అడుగగలము? దానమిచ్చిన ఆవు పండ్లు లెక్కపెట్టరాదను మర్యాద మనకు అడ్డు వచ్చును.

ఈ విషయము పాశ్చాత్యులకు తెలియదని కాదు. 1958లో ఇంగ్లండున వి.ఎస్.ఓ. అను సేవాసంస్థ పాఠశాల విడిచిన పద్దెనిమిదేండ్ల బాలురను పరదేశములకు పంపుటతో ఆరంభమై, క్రమముగ అర్హతలు గల నిపుణులను మాత్రమే పంపు స్థితికి వచ్చినది. 1961లో అమెరికా స్థాపించిన పీస్ కోర్ మొదటినుండియు రెండేండ్ల సేవను, స్థానిక భాషలో శిక్షణను నియమముగ పెట్టినది. మన దేశమున అది 1976 వరకు పనిచేసినది. 1968లో మెక్సికో దేశపు క్వెర్నవాకలో ఇవాన్ ఇల్లిచ్, సేవార్థము వచ్చిన అమెరికను విద్యార్థుల ఎదుటనే, మీ సదుద్దేశములు మాకక్కరలేదు, ఇండ్లకు పొండను అర్థము వచ్చునట్లు ప్రసంగించినాడు. ఆనాడే గ్రహించిన సత్యమును నేటి యాత్రా వ్యాపారులు మరపించి, ఏనుగు సవారితో పాటు అధ్యాపకత్వమును గూడ విహారయాత్రలో ఒక అంశముగ అమ్ముచున్నారు. కొనువారిలో మన వారును కలరు: డల్లాసు నుండియు న్యూజెర్సీ నుండియు వేసవికి వచ్చిన మన తెలుగు పిల్లలు, అమ్మమ్మగారింట దిగి, కాలేజీ దరఖాస్తులో ఒక పంక్తి కొరకు పేదల బడిలో పది దినములు ఇంగ్లీషు చెప్పి పోవుచున్నారు.

ప్రయాణము తారుమారైనప్పటి సంగతియు చూడుడు. పాతనగరపు టీచర్ గల్ఫులోని భారతీయ పాఠశాలకు పోదలచినచో బి.ఎడ్. పట్టా, అనుభవపత్రములు, ధ్రువీకరణపు ముద్రలు, ఇంటర్వ్యూ కావలెను. ఇంగ్లండునకు పోదలచినచో మరింత కఠినము. సేవాభావము మాత్రమే కలదని చెప్పి ఆమె లండనులోని ఒక తరగతిలో ప్రవేశింపజూచినచో వాకిటి కావలివాడే లోనికి పోనీయడు. అది న్యాయమే, ఆ పిల్లల తల్లిదండ్రులు తమ బిడ్డల చదువును ప్రయోగవస్తువుగ ఇచ్చుట కంగీకరింపరు. ఆ న్యాయము తలాబ్‌కట్టాలోని తల్లిదండ్రులకు ఎందుకు వర్తింపరాదు?

వేతనము లేని బోధన సర్వత్ర నింద్యమని నేననుట లేదు. అమెరికాలో 2007 నుండి సిలికానాంధ్ర మనబడి తరగతులలో వందలాది తెలుగువారు వారాంతములందు ఉచితముగ తెలుగు నేర్పుచున్నారు. కాని వారు ఆ ఊళ్లలోనే నివసించువారు. చాలమంది ఆ పిల్లల తల్లిదండ్రులే. వారికొక పాఠ్యక్రమము కలదు, ఏటికొక పరీక్ష కలదు. పాఠము చెడినచో మరుసటి ఆదివారము అంగడిలోనో గుడిలోనో ఎదురుపడక తప్పదు. వారికి జీతము లేకున్నను జవాబుదారీ కలదు.

ఏమియు లేనిదానికంటె ఏదో ఒకటి మేలు కదా, పిల్లలు సంతోషించినారు కదా అను మాటలు మిగిలినవి. క్రొత్తవాడు వచ్చిన ఏ తరగతియు సంతోషించును, ఇన్‌స్పెక్టరు వచ్చినను సంతోషించును, ఆనాడు ఇంటిపని ఉండదు గనుక. ఇక ‘ఏమియు లేనిది’ అను స్థితి అచ్చట లేదని పైననే చెప్పితిని. సాయపడవలెనను కోరిక నిజమైనదైనచో, విమానపు ఖర్చును, మధ్యవర్తి సంస్థకు కట్టు రుసుమును ఆ గల్లీ టీచర్ బి.ఎడ్. చదువునకు పంపవచ్చును, విషయజ్ఞానము గలవారు వేసవి సెలవులలో పిల్లలను విడిచి టీచర్లతో కూర్చుండవచ్చును. తరగతియే కావలెనని పట్టుపట్టువానిని బడి నడుపువారు, గల్లీ యువతిని అడుగునవే అడుగవలెను: సర్టిఫికెట్లు చూపుము, ఒక గంట పాఠము చెప్పి చూపుము, వార్షిక పరీక్షల వరకు ఉండెదనని కాగితము వ్రాసి ఇమ్ము. అందుకు సిద్ధపడువాడు వచ్చినచో, ఏ దేశస్థుడైనను సరియే, జీతమిచ్చి పెట్టుకొనుడు.