వెన్న చిలికింది ఎవరు?

ఉద్యోగాలు వదిలి, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఊరి బయట రెండెకరాలు కొనుక్కుని ఏడాదిపాటు సేద్యం చేసిన యువదంపతుల కథలు ఇప్పుడు మనకు కొత్త కాదు. ఆదివారం అనుబంధాల్లో అవే, వీడియోల్లో అవే, పుస్తకాల్లో అవే. మృగశిరకి విత్తనం, సంక్రాంతికి కొత్త బియ్యం, వేసవికి మామిడిపళ్లు, మళ్లీ మృగశిర. చదవడానికి హాయిగా ఉంటాయి. నేల మీద ప్రేమతోనో, మందులు లేని తిండి కోసమో వెళ్లేవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నా పేచీ ఆ 'ఏడాది'తో. బయల్దేరిన చోటికే గుండ్రంగా తిరిగొచ్చి ఆగిపోయే ఆ కథాకాలం స్త్రీ చాకిరీని పండగలా చూపిస్తుంది. అప్పు గడప తొక్కకముందే తలుపు మూసేస్తుంది. సాహిత్యం చదువుకున్న మనం కూడా దానికి 'ప్రకృతికి దగ్గరైన బతుకు' అని పేరుపెట్టి మురిసిపోతున్నాం.

ఈ తరహా కథల్లో ఎన్నో దేశాలవాళ్లు చదివిన పుస్తకం ఒకటుంది. అమెరికన్ రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్'. 1932లో అచ్చయింది. 1870ల నాటి విస్కాన్సిన్ అడవిలో, పెపిన్ దగ్గర, తండ్రి చార్లెస్, తల్లి కరొలీన్, ముగ్గురు ఆడపిల్లలు గడిపిన ఒక సంవత్సరం కథ. చలికాలానికి తిండి దాచుకోవడంతో మొదలై, తిరిగి చలికాలం ముంగిట ముగుస్తుంది. ఐదేళ్లు నిండుతున్న లారా కళ్లతో చూస్తాం కాబట్టి మనకీ అంతా అబ్బురంగానే ఉంటుంది.

ఆ అబ్బురాన్ని కాసేపు పక్కన పెట్టి తల్లి పని లెక్క రాద్దాం. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో పని: ఉతుకు ఒకరోజు, ఇస్త్రీ ఒకరోజు, చిరుగులు కుట్టడం ఒకరోజు, వెన్న తీయడం ఒకరోజు. ఇవన్నీ వంట, అంట్లు, చంటిపిల్ల పోగా మిగిలిన పనులు. వంటకీ చంటిపిల్లకీ వారమూ లేదు, వర్జ్యమూ లేదు. పందిని కోశాక కొవ్వు కరిగించడం, తలమాంసం ఉడికించడం, సాసేజీలకి మాంసం నూరడం ఆమె వంతు. జున్ను ఆమెది. గడ్డి నానబెట్టి అల్లి టోపీలు కుట్టడం ఆమెది. చలికాలంలో వెన్న తెల్లగా పాలిపోయి వస్తుందని క్యారెట్ తురిమి, పాలలో కాచి, ఆ రసం పిండి మీగడలో కలుపుతుంది, వెన్నకి పసుపు రంగు రావాలని. చిలికితే చాలదు, చిలికిన వెన్న కంటికి ఇంపుగా కూడా ఉండాలి!

తండ్రి కష్టపడలేదని ఎవరూ అనరు. కానీ అతని పనికి మొదలూ చివరా ఉన్నాయి. వేట నుంచి తిరిగొస్తాడు, కథ చెప్తాడు, రాత్రి ఫిడేలు వాయిస్తాడు. పిల్లలకి గుర్తుండిపోయేది ఆ ఫిడేలే. తాతగారింట్లో మేపుల్ చక్కెర పండగనాడు అందరూ నాట్యం చేస్తుంటే నాయనమ్మ వంటింట్లో పాకం కలుపుతూ ఉంటుంది. మధ్యలో వచ్చి, తనతో పోటీపడిన కొడుకుని నాట్యంలో ఓడించి, మళ్లీ పాకం దగ్గరికి పరిగెత్తుతుంది. ఆ పుస్తకంలో నాకు నిద్రపట్టనివ్వని మనిషి ఆవిడే. గింజ నూర్చడానికి యంత్రం వస్తుంది. తండ్రి దాన్ని మెచ్చుకుంటాడు. ఉతకడానికి, చిలకడానికి ఏ యంత్రమూ ఆ ఇంటి దారి పట్టదు.

కథలో ఆ ఏడాది ఎప్పటికీ అలాగే నిలిచిపోతుంది. జీవితంలో నిలవలేదు. 1873లో చార్లెస్ ఆ పొలం అమ్మేశాడు. 1874లో కుటుంబం అడవి విడిచి పడమరకి తరలిపోయింది.

ఇదే లారా పెళ్లయ్యాక తన సేద్యం గురించి ఇంకో పుస్తకం రాసింది: 'ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్'. 1885లో పద్ధెనిమిదేళ్ల లారా డకోటాలో అల్మాంజో వైల్డర్‌ని పెళ్లి చేసుకుంది. ఈ పుస్తకం మొదట్లోనే ఆమె రైతుని చేసుకోవడం తనకిష్టం లేదంటుంది. కారణాలు కూడా చెప్తుంది. పొలం ఆడవాళ్లకి తగ్గని చాకిరీ. అమ్మే సరుకుకీ కొనే సరుకుకీ రెండింటికీ ధర పట్నంవాళ్లే కడతారు కనక రైతు చేతిలో డబ్బు నిలవదు. మన పత్తి రైతు భార్యని అడిగినా ఇంతకంటే కొత్తగా ఏం చెప్తుంది? మూడేళ్లు చూద్దాం, కుదరకపోతే మానేస్తానంటాడు అతను. మొదటి ఏడాదే వడగళ్లు గోధుమ పంటని తుడిచిపెట్టాయి. అప్పుడు బయటపడింది ఇంటి మీద 500 డాలర్ల అప్పు ఉందని. ఆమెని బాధపెట్టడం ఎందుకని అతను చెప్పలేదట! తన నవలల్లో ఇంకోచోట, పెళ్లి ప్రమాణంలో 'విధేయురాలినై ఉంటాను' అనే మాట పలకనని పట్టుబట్టిన అమ్మాయి ఈమె. ఆ మాట తీసేయించగలిగింది. తనుండే ఇంటి అప్పు లెక్క మాత్రం ఆమెదాకా రాలేదు. తర్వాత కరువు. 1888లో ఇద్దరికీ డిఫ్తీరియా. 1889లో పుట్టిన కొడుకు పేరు పెట్టకముందే చనిపోయాడు. అదే నెలలో ఇల్లు కాలిపోయింది.

లారా 1957లో చనిపోయేదాకా ఈ రాతప్రతి అచ్చుకి వెళ్లలేదు. అచ్చయిన నవలల్ని దిద్ది తీర్చిన కూతురు రోజ్ 1968లో పోయింది. పుస్తకం 1971లో వచ్చింది. కూతురు చేయి దీనిమీద పడలేదు, అందుకే మాట గరుకుగా ఉంటుంది. అలంకారం లేదు, ఖర్చుపద్దులా సాగుతుంది. విమర్శకులు దీన్ని అసంపూర్ణమనీ, మిగతావాటి పక్కన నిలవదనీ అంటారు. నేను ఒప్పుకోను. ఫిడేలు ఉన్నది సాహిత్యం, పద్దు ఉన్నది చిత్తుప్రతి అనే కొలబద్ద ఎవరు తయారుచేశారో మనకి తెలుసు. మన నాయనమ్మల పాల లెక్కలు, చీటీల లెక్కలు సాహిత్య చరిత్రలోకి రాకుండా ఆపింది కూడా అదే కొలబద్ద.

'పిల్లల పుస్తకంలో అప్పులూ చావులూ ఎందుకు?' అంటారు. పిల్లలకి అబద్ధం చెప్పక్కర్లేదు గానీ, ఆ ప్రశ్న వదిలేద్దాం. ఆ పుస్తకాన్ని బతుకు నమూనాగా నెత్తికెత్తుకుంటున్నది పెద్దవాళ్లం. 'ఆ తల్లి నైపుణ్యాన్ని చిన్నబుచ్చుతున్నావా?' అని ఇంకో ప్రశ్న. లేదు. జున్ను కట్టడం, టోపీ అల్లడం గొప్ప విద్యలు. గొప్పవి కాబట్టే వాటికి పేరు, వెల, హక్కు ఉండాలంటున్నాను. మెచ్చుకోలు మాత్రం ఇచ్చి మిగతా మూడూ ఎగ్గొట్టడం పితృస్వామ్యానికి అలవాటైన బేరం.

ఆ చిన్న ఇంటి కింది నేల కూడా ఖాళీగా పడి ఉన్నది కాదు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆ ప్రాంతాన్ని డకోటా ప్రజలు 1837 ఒప్పందంతో వదులుకోవాల్సి వచ్చింది. మన నగరాల చుట్టూ ఉన్న రెండెకరాలకీ ముందొక యజమాని ఉన్నాడు. అమ్మింది ఏ పెళ్లికో, ఏ ఆసుపత్రి ఖర్చుకో? అమ్మిన ఇంట్లో ఆడవాళ్లని ఎవరైనా ఒక్కమాట అడిగారా?

ఇక్కడి లెక్కలు చూడండి. గ్రామాల్లో పనిచేసే ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి వ్యవసాయమే పని. 2015-16 వ్యవసాయ గణనలో స్త్రీల పేరున ఉన్న కమతాలు 14 శాతానికి కాస్త తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే, దేశమంతటా 2005లో కూతుళ్లకి హిందూ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. పుట్టింటితో మాట పోతుందని దాన్ని అడగనివాళ్లే ఎక్కువ. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదార్లనీ కూలీలనీ కూడా రైతులన్నది, కాగితం మీద. పట్టా లేని స్త్రీ చనిపోతే అది రైతు ఆత్మహత్యగా లెక్కకి రాదని పి. సాయినాథ్ ఎన్నేళ్లుగానో రాస్తున్నారు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పనిచేసే కొద్దిమంది పురుషులు పెడుతున్నది 88 నిమిషాలు. పొలానికి మారినంత మాత్రాన ఈ అంకెలు మారవు. కట్టెల పొయ్యి, బావినీళ్లు, చేత్తో ఉతుకు వస్తే పెరుగుతాయి. 'సరళ జీవితం' ఎవరికి సరళం?

ఇంకో మనిషి కూడా ఉంది. ఆ దంపతుల చేలో కలుపు తీసి, నాటు వేసి, సాయంత్రానికి కూలి తీసుకుని వెళ్లే స్త్రీ. చాలాసార్లు దళితురాలు, కొన్నిసార్లు ఆ నేల అమ్ముకున్న కుటుంబానికే కోడలు. ఆమెకి ఇది ఏడాది ప్రయోగం కాదు. వెనక్కి వెళ్లడానికి నగరంలో ఫ్లాటు లేదు. ఏడాది కథల్లో ఆమె 'పనివాళ్లు' అనే బహువచనంలో కలిసిపోతుంది.

కాబట్టి సేద్యం చేస్తున్న మిత్రులకీ, వాళ్లమీద వ్యాసాలు రాస్తున్న మనకీ నేను చెప్పేది ఇది. పట్టా ఎవరి పేరున ఉందో రాయండి. కలుపు ఎవరు తీశారో, ఎంత కూలి ఇచ్చారో రాయండి. ఇంట్లో ఆఖరున పడుకున్నది ఎవరో రాయండి. అప్పు ఉంటే అంకెతో సహా రాయండి. పాఠం చెప్పే చోట 1932 పుస్తకం పక్కన 1971 పుస్తకాన్ని కూడా పెట్టండి. అన్నిటికీ మించి, రెండో ఏడాది రాయండి. వానలు మొహం చాటేసిన ఏడాది, కడుపుతో ఉండి నీళ్లు మోసిన ఏడాది, బ్యాంకు నోటీసు వచ్చిన ఏడాది. సేద్యం గురించి స్త్రీలకి తెలిసినదంతా మొదటి ఏడాది దాటాకే మొదలవుతుంది.